ఇసుక, ఉప్పు, కర్పూరం కలిసిపోతే మళ్ళీ ఎలా విడదీయాలి: చెన్నైలో మన వంటింట్లోనే చేసి చూడండి

మిశ్రమాల పాఠం అనగానే పిల్లలు వడపోత, తేర్చడం, స్వేదనం, ఉత్పతనం అని లిస్టు మొత్తం బట్టీ కొట్టేస్తారు, తీరా పరీక్షలో "ఇసుక, ఉప్పు, కర్పూరం కలిసిపోయాయి, ఎలా వేరు చేస్తావు" అని అడిగితే పెన్ను ఆగిపోతుంది. పేర్లు రాక కాదు, దేనికి ఏది వాడాలో తేల్చుకోవడం రాక. నన్నడిగితే పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఏంటంటే, ఈ కలిసినవాటికి ఒకదానికొకటి ఎక్కడ తేడా? సైజులోనా, బరువులోనా, నీళ్ళలో కరగడంలోనా, ఎంత వేడికి ఆవిరవుతుంది అన్నదానిలోనా, అయస్కాంతానికి అంటుకోవడంలోనా? తేడా దొరికితే పద్ధతి దొరికినట్టే. తేడాలు నాలుగైదు ఉన్నప్పుడు ఏది ముందు వాడాలి అన్నది రెండో ప్రశ్న, మార్కులు పోయేదీ అక్కడే, ఇంట్లో చేస్తే పాడయ్యేదీ అక్కడే.

తమిళనాడు ప్రభుత్వ సిలబస్ అయిన సమచ్చీర్ పుస్తకమైనా సీబీఎస్ఈ తొమ్మిదో క్లాసు పుస్తకమైనా విషయం ఒకటే కాబట్టి ఏ స్కూలు పిల్లలైనా ఇది చేసుకోవచ్చు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. కావాల్సినవి: మూడు గాజు గ్లాసులు, ఫోన్ టార్చి, పాత స్పీకర్లో ఉండే అయస్కాంతం, రెండు మూడు స్టీలు గిన్నెలు మూతలతో, టిష్యూ పేపర్లు, పూజ కర్పూరం, ఉప్పు, ఐసు ముక్కలు, స్కెచ్ పెన్నులు, వంటింటి కాటా ఉంటే మంచిది. నీళ్ళలో ఎంత లవణం కరిగి ఉందో నంబర్లో చూపించే టీడీఎస్ మీటర్ గురించి వేరే చెప్పక్కర్లేదు, చెన్నైలో బోరు నీళ్ళతో బతికే ఇంట్లో అది ఏదో ఒక డ్రాయర్లో ఉండనే ఉంటుంది, లేకపోతే పక్క ఫ్లాటు వాళ్ళని అడగండి.

ముందు ఏ రకం మిశ్రమమో తేల్చుకోండి

మూడు గ్లాసుల్లో ఆర్‌ఓ నీళ్ళు పోయండి. ఒకదాంట్లో చెంచా ఉప్పు, రెండోదాంట్లో రెండే రెండు చుక్కల పాలు, మూడోదాంట్లో చెంచా మట్టి వేసి బాగా కలపండి. లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని గ్లాసుకి పక్క నుంచి వెయ్యండి, మీరు మాత్రం ఎదురుగా కాకుండా ఇంకో వైపు నుంచి చూడండి. టార్చి వెలుగు మరీ వెడల్పుగా పడుతుంటే నల్ల కాగితానికి చిన్న కన్నం పెట్టి టార్చి మీద అడ్డం పెట్టుకోండి, అప్పుడు సన్నని కిరణం వస్తుంది.

ఉప్పు నీళ్ళలో కిరణం కనబడదు. పాల చుక్కలు వేసినదాంట్లో గ్లాసు ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లటి దారి ఒకటి స్పష్టంగా కనబడుతుంది. పాలు ఎక్కువ పోస్తే అంతా తెల్లగా అయిపోయి ఏ దారీ కనబడదు, అందుకే రెండు చుక్కలన్నాను. మట్టి నీళ్ళలో కూడా వెలుగు చెదురుతుంది కానీ అరగంట కదపకుండా పెడితే మట్టి అడుగుకి చేరడం మొదలవుతుంది, పాలు చేరవు.

మొదటిది ద్రావణం, అంటే సజాతీయ మిశ్రమం, ఎక్కడ చెంచా ముంచినా ఒకేలా ఉంటుంది, కణాలు 1 నానోమీటరు కన్నా చిన్నవి. మూడోది సస్పెన్షన్, తెలుగు పుస్తకంలో అవలంబనం అని ఉంటుంది, కణాలు 1000 నానోమీటర్లు దాటి ఉంటాయి. మధ్యలోది కొల్లాయిడ్, 1861లో థామస్ గ్రాహం పెట్టిన పేరు. మోసం చేసేది ఇదే, కంటికి అంతా ఒకటిగా కనబడుతుంది, టిష్యూ పేపర్లోంచి కూడా దిగిపోతుంది, అయినా విజాతీయ మిశ్రమమే, అంటే లోపల అంతా ఒకేలా ఉండదు. వడకట్టితే దిగిపోయింది కాబట్టి ద్రావణమే అని రాస్తే తప్పు, టార్చి వేసి చూడాల్సిందే.

సజాతీయం అనగానే ద్రవాలే అనుకోకండి. టీ నగర్‌లో కొనే 916 బంగారం కూడా సజాతీయ మిశ్రమమే, 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. గాలి కూడా అంతే, నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం. ఉప్పు మాత్రం మిశ్రమం కాదు, రసాయనికంగా కలిసిపోయిన సమ్మేళనం. ఎంత వడకట్టినా, ఎంత మరిగించినా అందులోంచి సోడియం రాదు, ఇక్కడ చెప్పే పద్ధతులు ఏవీ దానికి పనికిరావు.

ఇప్పుడు అసలు పని

తిరువాన్మియూరో బెసెంట్ నగరో వెళ్ళినప్పుడు బీచ్ నుంచి ఒక గుప్పెడు ఇసుక తెచ్చుకోండి. అందులో సముద్రపు ఉప్పు ఉంటుంది కాబట్టి ముందు రెండు మూడు సార్లు మంచి నీళ్ళతో కడిగి ఎండబెట్టండి, లేకపోతే చివర్లో లెక్క తప్పుతుంది. 50 గ్రాముల ఇసుక, 20 గ్రాముల ఉప్పు, మెత్తగా పొడి చేసిన నాలుగైదు కర్పూరం బిళ్ళలు, అన్నీ తూచి రాసుకుని ఒక స్టీలు గిన్నెలో కలిపేయండి. ఇనుప రజను కొనక్కర్లేదు, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

మొదటి స్టెప్పు అయస్కాంతం. దాన్ని నేరుగా ఇసుకలో పెట్టకండి, ఒక పాలిథిన్ కవర్లో పెట్టి ఆ కవరుతో సహా గిన్నెలో నెమ్మదిగా తిప్పండి. బయటికి తీస్తే కవరుకి నల్లటి సన్నటి రేణువులు మీసాల్లాగా లేచి అంటుకుని ఉంటాయి. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం, మన బీచుల్లో అలలు వెనక్కి వెళ్ళినప్పుడు నల్లటి చారలుగా కనబడే ఇసుకలో ఉండేది. ఇంకో కాగితం మీద పెట్టి కవర్లోంచి అయస్కాంతాన్ని బయటికి లాగేస్తే రేణువులన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి, కవరు లేకుండా చేస్తే మాత్రం గోళ్ళతో గీరుకుంటూ కూర్చోవాలి. నల్లగా ఉన్నవన్నీ రావు, ఇల్మనైట్ అనేది కూడా నల్లగానే ఉంటుంది కానీ మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు. ఎర్రగా మెరిసేవి గార్నెట్ రేణువులు, అవీ రావు. ఒక్కసారి తిప్పి వదిలేయకండి, ఇంకేమీ అంటుకోనంత వరకు తిప్పండి.

ఈ పని పొడిగా ఉన్నప్పుడే ఎందుకు చేయాలంటే, తడిస్తే ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మాగ్నటైట్‌తో పాటు మామూలు ఇసుక కూడా వచ్చేస్తుంది. స్కూల్లో ఇచ్చే ఇనుప రజనైతే ఉప్పు నీళ్ళు తగిలితే తుప్పు కూడా పడుతుంది. కాబట్టి అయస్కాంతం ఎప్పుడూ నీళ్ళకి ముందే.

రెండోది కర్పూరం. దీనికి ఒక జాగ్రత్త ఉంది, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. పుస్తకంలో బొమ్మ చూసి కర్పూరం ఉన్న గిన్నెని స్టవ్ మీద పెట్టేయకండి, దాని ఆవిరికి మంట తగిలితే అంటుకుంటుంది. వేరే గిన్నెలో నీళ్ళు బాగా మరిగించి, స్టవ్ ఆపేసి, ఆ గిన్నెని టేబుల్ మీదికి తెచ్చి, అప్పుడు మన మిశ్రమం ఉన్న గిన్నెని ఆ వేడి నీళ్ళలో కూర్చోబెట్టండి. పైన అడుగు పొడిగా ఉన్న స్టీలు ప్లేటు మూసి, ప్లేటు మీద ఐసు ముక్కలు వేయండి. కిటికీ తెరిచి ఉంచండి, ఆ ఘాటు కళ్ళకి పడుతుంది. నీళ్ళు చల్లారితే మళ్ళీ వేడివి మార్చండి, తొందరపడొద్దు.

అరగంటకి ప్లేటు ఎత్తి చూస్తే అడుగున తెల్లటి, మెరిసే సన్నటి పలుకులు కనబడతాయి. కర్పూరం కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరై, చల్లటి ప్లేటుకి తగిలి మళ్ళీ గడ్డకట్టింది, ఉత్పతనం అంటే ఇదే. గీరి తీసి మూతున్న డబ్బాలో పెట్టండి. వాసన పూర్తిగా తగ్గే వరకు ఇలా చేస్తూనే ఉండాలి. పాత పుస్తకాల్లో దీనికి నాఫ్తలీన్ గోలీలు కూడా రాస్తారు, ఇంట్లో పసిపిల్లలున్న చోట అవి వద్దే వద్దు. కర్పూరం కూడా నోట్లో పెట్టుకునేది కాదు, పిల్లలకి అందనివ్వకండి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, ముందు నీళ్ళు పోస్తే కర్పూరం పైకి తేలుతుంది కదా, గరిటెతో తీసేస్తే పోలా అని. నిజమే, అది లీటరు నీళ్ళకి దాదాపు ఒక గ్రాము మాత్రమే కరుగుతుంది, ఉప్పు నీళ్ళలో చక్కగా తేలుతుంది, తప్పు సమాధానమేమీ కాదు. కానీ పొడి కొంత ఇసుకలో చిక్కుకుంటుంది, కొంత గిన్నె అంచుకి అంటుకుంటుంది, పైగా తర్వాత నీళ్ళు మరిగించేటప్పుడు మిగిలిన కర్పూరం నీటి ఆవిరితో కలిసి పైకి లేచి వచ్చేస్తుంది (కర్పూరం చెట్టు చెక్క నుంచి కర్పూరం తీసేదే నీటి ఆవిరి పట్టించి). అందుకే నా ఓటు పొడిగా ఉండగానే తీసేయడానికి.

మూడో స్టెప్పు నీళ్ళు. ఇప్పుడు ఇసుక, ఉప్పు మిగిలాయి, తేడా కరగడంలో ఉంది. ఎన్ని నీళ్ళు పోయాలి? 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్ళలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, మన దగ్గరున్నది 20 గ్రాములు, కాబట్టి 100 మిల్లీలీటర్లు బోలెడు. గ్లాసులకి గ్లాసులు పోస్తే ఆ నీళ్ళన్నీ మళ్ళీ మీరే ఆవిరి చేయాలి, గ్యాసు దండగ. వేడి నీళ్ళు పోస్తే ఎక్కువ కరుగుతుందని చాలామంది అనుకుంటారు, చక్కెర సంగతి వేరే, ఉప్పు మాత్రం మరిగే నీళ్ళలో కూడా 39 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. కాస్త తొందరగా కరుగుతుంది, అంతే.

బాగా కలిపి ఐదు నిమిషాలు కదపకుండా పెడితే ఇసుక అడుగుకి దిగుతుంది. పైన తేటని నెమ్మదిగా వేరే గ్లాసులోకి వంచండి, ఇది తేర్చడం. అప్పుడు వడపోత: టిష్యూని రెండు పొరలు వేసి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఒక వైపు పొరని మాత్రం విడదీస్తే గరాటు ఆకారం వస్తుంది. కాఫీ ఫిల్టర్ పై గిన్నెలో దీన్ని కూర్చోబెడితే బాగా నిలబడుతుంది. ముందు కొంచెం నీళ్ళతో తడిపితే పక్కలకి అతుక్కుంటుంది. తేట ముందు పోయండి, ఇసుక చివర్లో పోయండి, ఇసుక ముందు వెళ్ళిందంటే కన్నాలు మూసుకుపోయి రాత్రి దాకా చుక్క చుక్కగా కారుతూ ఉంటుంది. ఇంకా అయిపోలేదు, పైన మిగిలిన ఇసుకలో ఉప్పు నీళ్ళు చిక్కుకుని ఉంటాయి, రెండు మూడు చెంచాల నీళ్ళు పోసి దాన్ని కడగండి, ఆ కడిగిన నీళ్ళు కూడా ఉప్పు గిన్నెలోకే. చాలామంది వదిలేసే స్టెప్పు ఇది, తూకం తగ్గడానికి మొదటి కారణం కూడా ఇదే.

టీడీఎస్ మీటర్ ఇక్కడ పనికొస్తుంది. వడకట్టక ముందు తేట ఒక చెంచా, వడకట్టాక ఒక చెంచా, రెండు వేర్వేరు గ్లాసుల ఆర్‌ఓ నీళ్ళలో కలిపి చూడండి, రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు ఒకే కొలత ఉండాలి. నేరుగా ముంచితే మీటర్ రేంజి దాటిపోతుంది. రెండు చోట్లా దాదాపు ఒకే నంబర్ వస్తుంది. కరిగిన ఉప్పుని టిష్యూ ఏమీ చేయలేదని పిల్లలకి మాటల్లో పదిసార్లు చెప్పేకన్నా ఈ నంబర్ చూపించడం మేలు. బోరు నీళ్ళని గుడ్డతో వడకట్టి తాగితే ఉప్పదనం ఎందుకు తగ్గదో కూడా అప్పుడే అర్థమవుతుంది.

నాలుగోది ఉప్పు తీయడం. వెడల్పు గిన్నెలో పోసి సన్న మంట మీద పెట్టండి. చివర్లో కాస్త తడి ఉండగానే స్టవ్ ఆపేయండి, పూర్తిగా ఎండే దాకా ఉంచితే ఉప్పు చిటపటమని ఎగిరి మొహాన పడుతుంది. గిన్నె వేడికే మిగతాది ఆరిపోతుంది. ఓపిక ఉంటే మొట్టమాడి (డాబా) మీద పలచటి గుడ్డ కప్పి ఎండలో పెట్టండి, నెమ్మదిగా ఆరితే చిన్న చిన్న చదరపు గడ్డలుగా స్ఫటికాలు వస్తాయి, స్టవ్ మీదైతే పొడిలాగే వస్తుంది. కాకపోతే మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ, వానల నెలల్లో పెడితే ఎన్ని రోజులైనా చెమర్చినట్టే ఉంటుంది, ఏప్రిల్, మే నెలలు దీనికి బాగుంటాయి. ఉప్పుని తూచి చూడండి, 20 గ్రాములకి ఎంత తగ్గిందో చూస్తే ఏ స్టెప్పులో అజాగ్రత్త పడ్డారో తెలుస్తుంది. ఇది తినకండి, కర్పూరంతో కలిసి ఉన్న ఉప్పు.

కేళంబాక్కం వైపు, మరక్కాణం దగ్గర ఉప్పు మడుల్లో జరిగేది ఇదే, కాకపోతే అక్కడ ఇంకో మెలిక ఉంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటే అందులో అన్నీ మనం తినే ఉప్పు కాదు. ఎండకి నీళ్ళు చిక్కబడే కొద్దీ ముందు సున్నం రకం, జిప్సం అడుగుకి చేరతాయి, ఆ తర్వాత నీళ్ళని వేరే మడిలోకి మళ్ళిస్తే అక్కడ ఉప్పు దిగుతుంది, చివర్లో మెగ్నీషియం లవణాలున్న చేదు నీళ్ళు మిగిలితే వాటిని బయటికి వదిలేస్తారు. ఆ చేదు నీళ్ళు పూర్తిగా పోకపోతే ఉప్పు డబ్బాలో నీరు కారుతుంది. అక్కడ కూడా ఏది ముందు ఏది తర్వాత అన్నదాని మీదే పనంతా నడుస్తుంది.

నీళ్ళు కూడా కావాలంటే

ఉప్పు మాత్రమే కావాలంటే నీళ్ళు గాల్లో కలిసిపోయినా పర్లేదు. నీళ్ళు కూడా కావాలంటే స్వేదనం. పెద్ద గిన్నెలో ఉప్పు నీళ్ళు రెండు అంగుళాల ఎత్తు పోసి, మధ్యలో ఒక చిన్న స్టాండు, దాని మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టండి. పిడి ఉన్న స్టీలు మూతని తిరగేసి మూయండి, పిడి సరిగ్గా గ్లాసు పైన ఉండాలి. మూత గుంటలో ఐసు వేసి సన్న మంట పెట్టండి. ఆవిరి మూతకి తగిలి, పిడి దాకా జారి, చుక్కచుక్కగా గ్లాసులో పడుతుంది. ఎక్కువ మంట పెడితే ఉప్పు నీళ్ళే ఎగిరి గ్లాసులో పడతాయి, అప్పుడు మీటర్ పట్టిచ్చేస్తుంది. సరిగ్గా వస్తే నంబర్ బాగా కిందికి పడిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఈ రకమే.

ఇది చూశాక పిల్లలు తప్పకుండా అడుగుతారు, మన ఊరికి సముద్రం నీళ్ళు ఇలాగే మరిగించి ఇస్తారా అని. కాదు. మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో మొదలైన ప్లాంట్లు ఒక్కొక్కటి రోజుకి 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినవి, రెండూ ఆర్‌ఓ పద్ధతే. అంత నీళ్ళు మరిగించాలంటే ఇంధనం ఎక్కడ సరిపోతుంది? ఆర్‌ఓలో నీళ్ళని దాటనిచ్చి ఉప్పుని ఆపే సన్నని పొర ఉంటుంది, ఆ పొరకి ఒక వైపు ఉప్పు నీళ్ళు పెట్టి గట్టిగా నొక్కుతారు, సముద్రపు నీళ్ళకి 55 నుంచి 70 బార్ల ఒత్తిడి కావాలి, వంటింట్లో ఉండే ఆర్‌ఓకి అందులో పదో వంతు లోపే సరిపోతుంది, ఎందుకంటే బోరు నీళ్ళలో ఉప్పు అంత ఉండదు. మీ ఇంటి ఆర్‌ఓ మూత తీసి చూపించండి, ముందు మట్టిని ఆపే క్యాండిల్, తర్వాత వాసన, క్లోరిన్ పట్టేసే కార్బన్, చివర్లో పొర. ఆ వరుస మారిస్తే పొర నెలల్లో పాడైపోతుంది.

నూనె, నీళ్ళు

దీనికి స్కూల్లో వేర్పాటు గరాటు ఉంటుంది, ఇంట్లో ఒక మందమైన పారదర్శక కవర్ చాలు. నూనె, నీళ్ళు కలిపి కవర్లో పోసి, ఒక మూల కిందికి వచ్చేలా పట్టుకోండి, రెండు నిమిషాల్లో నూనె పైకి చేరి మధ్యలో గీత స్పష్టంగా కనబడుతుంది. కింద గ్లాసు పెట్టి, ఆ మూలని కత్తెరతో చిన్నగా కత్తిరించండి, నీళ్ళు ముందు పోతాయి, గీత కిందికి రాగానే వేళ్ళతో నొక్కేసి గ్లాసు మార్చండి. మధ్యలో ఉన్న రెండు మూడు చుక్కలు ఏ గ్లాసుకీ కాకుండా వేరే పారబోసేయాలి, రెండూ శుభ్రంగా రావాలంటే అంతే. సబ్బు చుక్క పడిందా, ఇంక విడిపోదు.

రంగులు

నల్ల స్కెచ్ పెన్ను ఒకే రంగు కాదు. సుద్దముక్కకి అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన చుట్టూ నల్ల గీత గీసి, ప్లేటులో అర సెంటీమీటరు నీళ్ళు పోసి నిలబెట్టండి. నీళ్ళ మట్టం గీత కన్నా కిందే ఉండాలి, గీత మునిగితే రంగంతా నీళ్ళలోకి పోతుంది. నీళ్ళు పైకి పాకుతుంటే నీలం, గులాబీ, పసుపు లాంటి రంగులు ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి, ఏవేవి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. పర్మనెంట్ మార్కర్ అయితే నీళ్ళకి కదలదు, శానిటైజర్ వాడండి. 1900ల మొదట్లో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఆకుల్లో రంగుల్ని విడదీసింది సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోనే, ఇలా విడదీయడాన్ని క్రోమటోగ్రఫీ అంటారు, అది మొదలైంది అక్కడ.

జల్లెడ, చేట, కవ్వం గురించి మీ ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడిగితే నాకన్నా బాగా చెప్తారు. బురద నీళ్ళకి మాత్రం ఒక మాట: చిటికెడు పటిక కలిపి గంటసేపు వదిలితే సన్న మట్టి ముద్దలు కట్టి అడుగుకి చేరుతుంది, కుండ లోపల చిల్లగింజ అరగదీసేది కూడా ఇందుకే. కానీ తేటగా ఉన్నంత మాత్రాన తాగేవి కావు, క్రిములు అలాగే ఉంటాయి, మరిగించాల్సిందే.

ఇంట్లో చేయకూడనిది స్పిరిట్, నీళ్ళు విడదీయడం. 78 డిగ్రీలకి ఆల్కహాల్ మరుగుతుంది, 100కి నీళ్ళు, కాగితం మీద తేలికే, స్టవ్ పక్కన మాత్రం ఆ ఆవిరి అంటుకుంటుంది. ఇలా మరిగే వేడిలో తేడాని బట్టి ద్రవాల్ని విడదీసే అంశిక స్వేదనం అంటే ఏంటో చూపించాలంటే మణలి వైపు వెళ్ళినప్పుడు రిఫైనరీ పొడవాటి కాలమ్‌లు దూరం నుంచి చూపించండి, 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో పెట్టింది. ముడి చమురుని వేడి చేసి అందులోకి పంపితే తేలికవి పైకి, బరువైనవి కిందికి, మధ్యలో వేర్వేరు ఎత్తుల్లో కిరసనాయిలు, డీజిల్ తీస్తారు.

అన్నీ అయ్యాక నూనెని సింకులో పోయకండి, టిష్యూతో పీల్చి చెత్తలో వేయండి. ఇసుకా అంతే, సింకు పైపులో పేరుకుపోతుంది, కింద కుండీల్లో వేసేయొచ్చు, ఉప్పు పూర్తిగా కడిగాకైతేనే. మిగిలిన ఉప్పు నీళ్ళు బాత్రూమ్ తూములో పోసేయండి, తులసి కుండీలో పడితే ఇంట్లో పెద్దవాళ్ళతో మీరే మాట్లాడుకోవాలి.